మొదటి కీబోర్డ్ కొంటున్నారా? ముందు ఒక్క కీ నొక్కి చూడండి

“చిట్టీ ఎత్తిన తమ్మి. ఇరవై వేలు పక్కకు తీసిపెట్టిన. పాపకు పియానో కొనాలె. ఏది మంచిదో నువ్వే చూసి చెప్పు. ఒక్కసారే కొంటం, మళ్ళ మళ్ళ కొనలేం.”

కల్వకుర్తి నుంచి అక్క ఫోన్. ఈ నాలుగు ముక్కలూ చెప్పి పెట్టేసింది. ఆమెది టైలరింగ్. ఫోన్‌ను చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని, మెషిన్ తొక్కుతూనే మాట్లాడుతుంది. ఆ ఇరవై వేలు ఎన్ని జాకెట్లు కుడితే వచ్చాయో నాకు తెలుసు.

నేను మహబూబ్‌నగర్‌లో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో లెక్కలు చెప్తాను. పెళ్ళిళ్ళ సీజన్‌లో దోస్తుల ఆర్కెస్ట్రాలో కీబోర్డ్ వాయిస్తాను. అందుకే మా ఇంట్లో వాళ్ళ దృష్టిలో ఈ విషయంలో పెద్ద నిపుణుణ్ణి. పాప తొమ్మిదో తరగతి. ఫోన్‌లో పియానో యాప్ పెట్టుకుని రెండు వేళ్ళతో పాటలు పట్టేస్తది. బతుకమ్మ పాటలైతే ఒక్కసారి వింటే చాలు.

నిపుణుడు వెంటనే “సరే అక్కా” అనాలి కదా? అనలేకపోయాను. ఆ రాత్రంతా 2009లో మా నాయన కొన్న కీబోర్డే కళ్ళ ముందు కదిలింది.

బత్తాయి లోడు, 54 కీలు

మాది దేవరకొండ దగ్గర ఊరు. మాకు కొంచెం బత్తాయి తోట ఉండేది. ఆ ఏడు కాపు బాగొచ్చింది. నాయన లోడుతోపాటే లారీలో కూర్చుని హైదరాబాద్ కొత్తపేట పండ్ల మార్కెట్‌కు పోయాడు (ఆ మార్కెట్ ఇప్పుడు అక్కడ లేదు, 2021లో బాటసింగారం వెళ్ళిపోయింది). తక్‌పట్టీ తీసుకుని డబ్బులు బనీను జేబులో పెట్టుకున్నాడు. ఇంటికి వచ్చే దారిలో ఒక దుకాణం ముందు ఆగాడు. నేను ఎప్పుడో ఒకసారి “క్యాసియో కావాలె నాయనా” అన్న మాట ఆయన మర్చిపోలేదు.

అది క్యాసియో కాదు. మన దగ్గర కీబోర్డ్ ఏదైనా సరే ‘క్యాసియో’నే. పెద్ద డబ్బా, 54 కీలు, పాడుకోవడానికి చిన్న మైకు. 100 టోన్లు, 100 రిథమ్‌లు అని డబ్బా మీద ఎర్ర అక్షరాలు. డెమో బటన్ నొక్కితే దానంతట అదే వాయించుకుంటది, లైట్లు వెలుగుతయ్. వాడకట్టు పిల్లలంతా మా అరుగు మీదనే. నాయన ముఖం చూడాలి ఆ రోజు!

మూడేళ్ళు దాని మీదే సాధన చేశాను. పాటలు వచ్చాయి, పేరూ వచ్చింది. ఇంటర్ మొదటి ఏడాది కాలేజీ వార్షికోత్సవానికి నల్లగొండ నుంచి ఆర్కెస్ట్రాను పిలిచారు. మా లెక్చరర్ వాళ్ళను అడిగి, నాకొక పాట వాయించే అవకాశం ఇప్పించాడు. నాయన తెల్ల చొక్కా వేసుకొని వచ్చి మూడో వరుసలో కూర్చున్నాడు.

వాళ్ళ కీబోర్డ్ ముందు నిలబడి చేతులు పెట్టిన మరుక్షణమే అర్థమైంది, ఏదో తేడా ఉందని. నా పెట్టె కీలు సన్నవి. చెయ్యి చాపితే బొటనవేలు స మీద, చిటికెన వేలు పై స మీద చక్కగా పడేవి. ఇక్కడ అదే చాపులో చిటికెన వేలు దగ్గరే ఆగిపోతోంది. ప్రతి పెద్ద గెంతుకూ తప్పుడు స్వరం. దానికి తోడు మోత! ఇంట్లో నా పెట్టె ఎలా నొక్కినా ఒకటే సౌండ్ కదా, గట్టిగా గుద్దడమే అలవాటైంది. ఇక్కడ గుద్దితే స్పీకర్లు అరుస్తున్నాయి, భయపడి మెల్లగా నొక్కితే వినిపించట్లేదు. చరణం దాకా పోకుండానే ఆపేశాను.

ఆర్కెస్ట్రా అన్న మంచోడు. భుజం మీద చెయ్యేసి అన్నాడు: “తమ్ముడూ, నీకు పాట వచ్చు. చెయ్యే రాలే. దేనిమీద నేర్చుకున్నవ్ నువ్వు?”

బండి మీద ఇంటికి పోతుంటే చాలాసేపు నాయన ఏం మాట్లాడలేదు. ఊరు దగ్గరపడ్డాక అడిగాడు: “మనదాంట్ల ఏం తక్కువుండె రా?”

నాకు తెలిస్తే కదా చెప్పడానికి. ఆ పెట్టె అటక మీదికి పోయింది.

హార్మోనియానికి తిత్తి, పియానోకు వేలు

జవాబు నల్లగొండలో డిగ్రీ చదివేటప్పుడు దొరికింది. రూమ్మేట్ ఆదివారాలు చర్చిలో కీబోర్డ్ వాయించేవాడు. నల్లగొండలో బాప్టిస్టు, పాలమూరులో మెన్నొనైట్ బ్రదరన్ మిషన్ల కాలం నుంచీ చర్చిలున్నాయి. ఈ వైపు ఊళ్ళల్లో కీబోర్డ్ వాయించే కుర్రాళ్ళను “ఎక్కడ నేర్చుకున్నవ్?” అని అడిగితే చాలామంది చెప్పే జవాబు అదే, చర్చిలో. వాడొక రోజు నన్ను కీబోర్డ్ ముందు కూర్చోబెట్టి, “ఒక్క కీ నొక్కు. మెల్లగ. ఇప్పుడు అదే కీ గట్టిగ” అన్నాడు. మెల్లగా నొక్కితే గుసగుస, గట్టిగా నొక్కితే గంట. అంతే తేడా. మా నాయన కొన్నదాంట్లో తక్కువైంది అదే.

దాన్ని ‘టచ్ రెస్పాన్స్’ అంటారు. ‘టచ్ సెన్సిటివ్’, ‘వెలాసిటీ’ అని కూడా రాస్తారు. ప్రతి కీ కింద రెండు కాంటాక్టులుంటాయి. కీ దిగేటప్పుడు ముందు ఒకటి తగులుతుంది, తర్వాత రెండోది. ఆ రెండింటి మధ్య ఎంత సమయం పట్టిందో లోపలి చిప్ లెక్కేస్తుంది. సమయం తక్కువైతే వేలు గట్టిగా పడినట్టు, ఎక్కువైతే మెల్లగా పడినట్టు. 1983లో వచ్చిన ‘మిడి’ పద్ధతిలో దీనికి 1 నుంచి 127 దాకా అంకెలున్నాయి. అంటే ఒక్క స్వరానికే 127 మెట్ల మెల్లదనం, గట్టిదనం. నా బొమ్మ పెట్టెకు ఉన్నది ఒక్కటే మెట్టు.

అసలు పియానో పుట్టిందే దీనికోసం. అంతకుముందు యూరప్‌లో హార్ప్సికార్డ్ ఉండేది. అది తీగను మీటుతుంది, ఎంత బలంగా నొక్కినా సౌండ్ దాదాపు ఒకటే. 1700 ప్రాంతంలో ఇటలీలోని ఫ్లోరెన్స్‌లో బార్తొలొమియో క్రిస్తొఫోరి అనే ఆయన తీగను చిన్న సుత్తితో కొట్టే ఏర్పాటు చేశాడు. వేలి బలాన్ని బట్టి సౌండ్ మారింది. ఇటాలియన్‌లో ‘పియానో’ అంటే మెల్లగా, ‘ఫోర్తే’ అంటే గట్టిగా. పియానోఫోర్తే అన్న పేరులో రెండూ ఉన్నాయి. వాడుకలో గట్టిది రాలిపోయి మెల్లది మిగిలింది.

మా తాత చిరుతల రామాయణానికి హార్మోనియం వాయించేవాడు. హార్మోనియం మెట్లకు కూడా టచ్ ఉండదు కదా అని మీకు అనుమానం రావచ్చు. నాకూ వచ్చింది. కానీ ఆయన ఎడమ చెయ్యి ఊరుకునేది కాదు. సీతమ్మ ఏడుపు దగ్గర తిత్తి మెల్లగా ఊపేవాడు, రావణుడు రాగానే గట్టిగా. బలం అంతా ఆ తిత్తిలో ఉండేది. పియానోకైతే వేలిలో ఉంటుంది. టచ్ లేని కీబోర్డ్‌కు అటు తిత్తీ లేదు, ఇటు వేలూ లేదు. వాల్యూమ్ బటన్ తిప్పుకుంటూ పాట వాయించలేం కదా!

కాబట్టి కొనేముందు ఏ రివ్యూ చూసినా చూడకపోయినా ఈ రెండూ చూడండి. కీలు పూర్తి సైజువా? టచ్ ఉందా? ఈ రెండింట్లో ఏది లేకపోయినా డబ్బా మీద 600 టోన్లు అని రాసున్నా నేనైతే ముట్టను.

పేర్లతోనే పరేషాన్

అక్క ‘పియానో’ అంది. పాప రీల్స్‌లో చూసింది కూడా పియానోనే. ఇక్కడే చాలామంది తికమక పడతారు.

డిజిటల్ పియానో వేరు, కీబోర్డ్ వేరు. డిజిటల్ పియానోకు 88 కీలుంటాయి, కీ బరువుగా ఉంటుంది, లోపల సుత్తి లాంటి ఏర్పాటు ఉండటం వల్ల నిజం పియానో నొక్కినట్టే ఉంటుంది. దీన్నే ‘వెయిటెడ్’ అంటారు. టచ్ రెస్పాన్స్ ఉన్నంత మాత్రాన వెయిటెడ్ అయిపోదు. ఇంకో మాయమాట ‘పియానో స్టైల్ కీస్’. అంటే కీ ఆకారం మాత్రమే పియానో లాగా ఉందని అర్థం, బరువు ఉన్నట్టు కాదు. ఆన్‌లైన్‌లో ఆ మాట చూసి మోసపోయిన దోస్తులు నాకున్నారు.

డిజిటల్ పియానోలు మామూలుగా నలభై వేల అటూ ఇటూ మొదలవుతాయి. యమహా పీ-145 లాంటిది పదకొండు కిలోలు, పొడవు నాలుగడుగుల పైనే. ట్రినిటీ కాలేజ్ లండన్ వాళ్ళ పియానో గ్రేడ్ పరీక్షలు రాయాలని గట్టిగా అనుకుంటే, చెప్పే టీచర్ దగ్గర్లో ఉంటే, ఇంకో ఏడాది ఆగి డబ్బులు జమచేసుకుని అదే కొనండి. వెస్టర్న్ క్లాసికల్‌కు ఆ బరువు కీల మీద వేళ్ళు బలపడాల్సిందే. ట్రినిటీలోనే ఎలక్ట్రానిక్ కీబోర్డ్‌కు వేరే పరీక్ష ఉంది. మీ టీచర్ చెప్తున్నది ఏ దారో ముందే అడిగి తెలుసుకోండి.

మా పాప సంగతి అది కాదు. అక్క వాళ్ళది రెండు గదుల ఇల్లు. ఒక గదిలో కుట్టు మెషిన్, బట్టల మూటలు. నాలుగడుగుల పియానో పెడితే మనుషులు బయట పడుకోవాలి. 61 కీల కీబోర్డ్ మూడడుగులు, పని అయ్యాక మంచం కిందికి తోసెయ్యొచ్చు. 61 అంటే అయిదు స్థాయిలు. సినిమా పాటకు, జానపదానికి, భజనకు సరిపోయి ఇంకా మిగులుతాయి.

“మరి 49 కీలది ఇంకా చవక కదా మామా?” అని పాప అడిగింది. కుడిచేత్తో పాట, ఎడమచేత్తో కార్డ్స్ వాయించడం మొదలుపెట్టిన రోజు 49 కీలు ఇరుకైపోతాయి. నా మాట విని 61కి తగ్గొద్దు.

మన పాటకు చక్రం కావాలె

నేను రెండు రోజులు ఆలోచించింది మాత్రం ఇంకో విషయం గురించి.

పాప బతుకమ్మ పాటలు, జానపదాలు వాయిస్తుంది. మన పాట ఒక స్వరం మీద నిలబడి ఉండదు, జారుతుంది, ఊగుతుంది. కీబోర్డ్‌కు ఆ ఊగడం చేతకాదు. కీ నొక్కితే ఒక స్వరం, పక్క కీ నొక్కితే ఇంకో స్వరం, మధ్యలో దారి లేదు. హార్మోనియం మీద కూడా ఇదే ఫిర్యాదు ఉండేది. ఆలిండియా రేడియో 1940లో హార్మోనియాన్ని నిషేధించింది, 1971 దాకా ఆ నిషేధం కొనసాగింది. పెద్ద కారణాల్లో ఒకటి గమకాలు పలకవనే. రేడియోలో ముప్పై ఏళ్ళు వద్దన్నా, మా తాతలాంటి వాళ్ళు ఊళ్ళల్లో ఆ పెట్టె మూత పెట్టనే లేదు. అది వేరే కథ.

కీబోర్డ్‌లో దీనికొక మందు ఉంది. పిచ్ బెండ్ వీల్. ఎడమవైపు చిన్న చక్రం. కుడిచేత్తో కీ నొక్కిపట్టి ఎడమచేత్తో ఆ చక్రం తిప్పితే స్వరం పైకీ కిందికీ జారుతుంది. చెన్నైకి చెందిన కె. సత్యనారాయణన్, అందరూ కీబోర్డ్ సత్య అంటారు, దీంతోనే కర్ణాటక కచేరీలు చేశారు. యూట్యూబ్‌లో ఆయన ఎడమచెయ్యిని గమనించండి. మా తాత తిత్తి చెయ్యి గుర్తొస్తుంది నాకు.

చిక్కేంటంటే చవక మోడల్స్‌లో ఈ చక్రం పెట్టరు. అచ్చం ఒకేలా కనిపించే రెండు మోడల్స్‌లో ఒకదానికి ఉంటుంది, ఇంకోదానికి ఉండదు. క్యాసియో సీటీ-ఎస్200, సీటీ-ఎస్300 అన్నదమ్ముల్లా ఉంటాయి. 200కు టచ్ లేదు, చక్రం లేదు. 300కు రెండూ ఉన్నాయి. యమహాలో పీఎస్ఆర్-ఎఫ్52, ఈ273 రెంటికీ టచ్ లేదు, ఈ373కి ఉంది. కానీ ఈ373కి చక్రం లేదు, దానికోసం ఈ473కి పోవాలి. ఒక్క అంకె తేడాకు రెండు మూడు వేలు మిగిలాయని సంబరపడితే నష్టపోయేది మనమే.

తబలా, తాన్‌పురా, మన వాద్యాల సౌండ్లతో ఇండియా కోసమే చేసిన మోడల్స్ కూడా ఉన్నాయి. యమహా పీఎస్ఆర్-ఐ500, క్యాసియో సీటీ-ఎక్స్870ఐఎన్ అలాంటివే. శ్రుతి పెట్టుకుని పాడే అలవాటున్న వాళ్ళకు బాగుంటాయి. అయితే వాటిని కూడా టచ్, కీ సైజు చూశాకే చూడండి.

ఇంకో బటన్ సంగతి చెప్పాలి. ట్రాన్స్‌పోజ్. పాడేవాళ్ళ శ్రుతి ఒకటిన్నర అయినా, ఐదున్నర అయినా మీరు ఒకటో శ్రుతి వేళ్ళతోనే వాయించొచ్చు, బటన్ సర్దేస్తుంది. పెళ్ళి స్టేజీ మీద నా పరువు చాలాసార్లు కాపాడింది ఇదే. నా చెయ్యి పాడుచేసింది కూడా ఇదే. ఇప్పటికీ జి షార్ప్‌లో నేరుగా వాయించమంటే తడుముకుంటాను. పాపతో ముందే ఒట్టు వేయించుకున్నా, మొదటి ఏడాది ఆ బటన్ ముట్టనని.

షాపులో ఒక మధ్యాహ్నం

ఆన్‌లైన్‌లో పెడితే రెండు రోజుల్లో ఇంటికొచ్చేది. వద్దన్నాను. మొదటి కీబోర్డ్‌ను దాన్ని వాయించే వేళ్ళే నొక్కి చూడాలి. ఆదివారం షాపు తెరిచి ఉంటుందని ఫోన్ చేసి కనుక్కుని కల్వకుర్తిలో ఎంజీబీఎస్ బస్సెక్కాం. మహాలక్ష్మి పథకం పుణ్యమా అని అక్కకు, పాపకు జీరో టికెట్. డబ్బులు కట్టింది నేనొక్కడినే. ఆమనగల్లు దాటేదాకా ఇద్దరూ నన్ను చూసి నవ్వుతనే ఉన్నారు.

షాపులో పాప నేరుగా పోయి ఏ కీబోర్డ్ ముందు నిలబడిందో ఊహించండి. కీలలో లైట్లు వెలిగేది. డెమో మోగుతోంది. అక్క ముఖంలో అచ్చం 2009 నాటి నాయన ముఖమే కనిపించింది నాకు. అమ్మే అబ్బాయి కూడా హుషారుగా, “ఇదే బాగా పోతోంది మేడమ్, పిల్లలు లైట్లు చూసి నేర్చేసుకుంటారు” అన్నాడు. ఆ అబ్బాయి తప్పేం లేదు, చాలామంది అదే అడుగుతారు.

“పియానో టోన్ పెట్టి ఒక కీ నొక్కు బిడ్డా. మెల్లగ. ఇప్పుడు గట్టిగ.”

నొక్కింది. రెండుసార్లూ ఒకటే సౌండ్. సెట్టింగ్‌లో టచ్ ఆఫ్‌లో ఉందేమో చూడమన్నాను (కొన్నింట్లో అలా ఆఫ్ చేసి ఉంటుంది, చూడకుండా పనికిరాదని తీర్మానించకండి). ఆ అబ్బాయి మెనూ అంతా వెతికి, “దీంట్లో ఆ ఆప్షన్ లేదు సార్” అన్నాడు. అప్పుడు పక్కనే లైట్లూ గీట్లూ లేని నల్లటి ఎస్300 దగ్గరికి తీసుకుపోయి అదే పరీక్ష పెట్టాను.

మొదటిసారి మెల్లగా నొక్కి, చెయ్యి వెనక్కి తీసుకుంది. మళ్ళీ నొక్కింది, ఈసారి గట్టిగా. ఆ తర్వాత నన్ను మర్చిపోయింది. ఒకే కీని పది పదిహేనుసార్లు, పిల్లి అడుగులా ఒకసారి, తలుపు తట్టినట్టు ఒకసారి. “మామా, ఇది నా మాట వింటున్నది!” అంది. ఫోన్ యాప్‌లో గాజు మీద రెండేళ్ళు వాయించిన పిల్ల. గాజుకు వేలు ఎక్కడ పడిందో తెలుస్తుంది, ఎలా పడిందో తెలియదు కదా.

మిగతా పరీక్షలు నేను చేశాను. ఆ చివర నుంచి ఈ చివర దాకా 61 కీలూ ఒక్కొక్కటే నొక్కి, ఏదైనా ఇరుక్కుంటోందా, ఏదైనా మిగతావాటికన్నా గట్టిగా అరుస్తోందా అని విన్నాను. హెడ్‌ఫోన్ పెట్టి విన్నాను. చక్రం తిప్పి వదిలితే స్వరం సరిగ్గా మొదటి చోటికే వస్తోందా చూశాను. అక్క మాత్రం వెనక్కి తిప్పి కింద కుట్టు చూసినట్టు ప్లాస్టిక్ అతుకులన్నీ చూసింది. “గట్టిగనే ఉంది తీ” అంది.

బిల్లు ఇరవై వేలలోపే అయింది. మిగిలిన డబ్బుల్లోంచి ఒక స్టాండ్, హెడ్‌ఫోన్స్, సస్టెయిన్ పెడల్ తీసుకున్నాం. పెడల్ చాలా కీబోర్డ్‌లతో రాదు, విడిగా కొనుక్కోవాలి. స్టాండ్ అనవసరం అనుకోకండి. మంచం మీద పెట్టుకుని వంగి వాయిస్తే మణికట్టు ఆరు నెలల్లో చెప్తుంది. హెడ్‌ఫోన్స్ పాపకు కాదు, బావకు. పొద్దున డ్యూటీకి పోయే మనిషి, రాత్రి నిద్రపోవాలి కదా.

సెకండ్ హ్యాండ్ సంగతి

బడ్జెట్ పది వేలే అనుకోండి. టచ్ లేని కొత్తదానికన్నా టచ్ ఉన్న పాతదే నయం. ఆర్కెస్ట్రా వాళ్ళు, చర్చి కుర్రాళ్ళు పెద్దదానికి మారేటప్పుడు పాతది అమ్మేస్తుంటారు, వాళ్ళకు చెప్పి పెట్టండి. చూడటానికి పోయినప్పుడు మధ్య రెండు స్థాయిల కీలు బాగా నొక్కండి, అరిగేది అక్కడే. కొన్ని కీలకు టచ్ పోయి ఒక్కసారిగా పెద్ద సౌండ్ వస్తుంటే లోపల రబ్బరు కాంటాక్టులు పాడైనట్టు. చాలాసార్లు దుమ్మే కారణం. మన ఎర్రదుమ్ము సంగతి తెలిసిందేగా, వాయించనప్పుడు ఒక పాత చీర ముక్క కప్పండి చాలు. ఎండాకాలం రేకుల కింద గానీ, కారు డిక్కీలో గానీ వదిలేయకండి.

అడాప్టర్ విషయంలో మాత్రం కక్కుర్తి వద్దు. పిన్ను పట్టింది కదా అని ఇంట్లో ఉన్న ఏదో అడాప్టర్ పెట్టడం వల్ల పోయిన కీబోర్డ్‌లను చూశాను. వోల్టేజీ ఒకటే అయితే చాలదు, పిన్ను లోపల ప్లస్సా మైనస్సా అన్నది కూడా కలవాలి. ఆ బొమ్మ అడాప్టర్ మీద, కీబోర్డ్ వెనకాల ఉంటుంది.

ఇప్పుడొచ్చే కీబోర్డ్‌లలో చాలావాటికి యూఎస్‌బీ పోర్ట్ ఉంటుంది. ఒక ఓటీజీ కేబుల్‌తో ఫోన్‌కు కలిపితే పాప పాత పియానో యాపే కొత్తగా పనికొస్తుంది, వేళ్ళు గాజు మీద కాకుండా కీల మీద ఉంటాయి. ఏ.ఆర్. రెహమాన్ కుర్రతనంలో రాజ్-కోటి దగ్గర కీబోర్డ్ వాయించారు. ఆ రోజుల్లో స్టూడియోల్లో ఉన్న సౌకర్యాలు చాలావరకు ఇవాళ మన జేబులోని ఫోన్‌లో ఉన్నాయి. లేనిది ఆ చెయ్యే.

నాయన వచ్చిన రోజు

కొన్న రెండు వారాలకు నాయన దేవరకొండ నుంచి బిడ్డ ఇంటికి వచ్చాడు. నేనూ వెళ్ళాను. సాయంత్రం గాలివాన, కరెంటు పోయింది. పాప కీబోర్డ్‌లో ఆరు బ్యాటరీలు వేసి, సెల్ లైటు గోడకు ఆనించి మొదలుపెట్టింది. ఇంకా తప్పులు చాలా ఉన్నాయి. ఎడమచెయ్యి ఇంకా నిద్రలోనే ఉంది. కానీ పల్లవి రెండోసారి వచ్చినప్పుడు ఆ పిల్ల తనంతట తానే సౌండ్ తగ్గించి వాయించింది. ఎవరూ చెప్పలేదు.

“తాతా, నువ్వు నొక్కు. మెల్లగ నొక్కు ముందు.”

నాయన చేతులు కండువాతో తుడుచుకున్నాడు. కాయలు కాసిన చూపుడువేలు ఒక తెల్ల కీ మీద పెట్టాడు. సన్నగా మోగింది. పాప “ఇప్పుడు గట్టిగ!” అంది. నొక్కాడు. గది నిండింది.

కాసేపు ఆ కీ వంకే చూశాడు. తర్వాత నా వైపు తిరిగి అడిగాడు.

“అప్పుడు మనదాంట్ల ఇది లేకుండెనా?”

“లేకుండె నాయనా.”

“ఎంత ఎక్కువ పెడితే వస్తుండె?”

నాకు తెలుసు. ఆ రోజు తక్‌పట్టీ డబ్బుల్లో అది కూడా వచ్చేది, ఎవరైనా చెప్పి ఉంటే.

“అప్పట్ల మన దిక్కు దొరక్కపోతుండె నాయనా” అన్నాను.

ఆయన నమ్మాడో లేదో తెలియదు. పాప పక్కన స్టూల్ లాక్కుని కూర్చుని, ఇంకోసారి మెల్లగా నొక్కాడు.